రెండో దెబ్బకు పేలే క్యాపు తుపాకీ: ఆరేళ్ల వాడకం తర్వాత

ఒంటి గొట్టం, మూతి నుంచి మందు కూరే తుపాకీ. పంట కాపలా లైసెన్సు మీద ఉదయగిరి కొండల కింద, వేరుశనగ చేలోకి దిగే పందుల్ని వట్టి మందు చప్పుడుతో అదిలించేదానికి వాడేది. గొట్టం, కట్టె సంగతి అందరికీ తెలిసిందే. పేచీ అంతా గోరంత నిపుల్‌తోనే: హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ లాంటి క్యాపును తొడిగేది, ఆ నిప్పును మందుకు పంపేది అదే.

పేలకపోతే చాలు, "మందు చెమ్మగిల్లింది" అనేస్తారు. హ్యామర్ పడినా క్యాపు పేలక, రెండో దెబ్బకు పేలిందంటే మందుది ఏ తప్పూ లేదు. మొదటి దెబ్బ క్యాపును కిందికి దించేదానికే సరిపోయింది. ఈ తుపాకీతో వచ్చిన నిపుల్ కొన దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుంది, పదకొండో నంబరు క్యాపు సగంలోనే ఆగేది. ఊడదీసి, డ్రిల్లుకు బిగించి తిప్పుతూ కొన చుట్టూ సన్న ఆకురాయి ఆనిస్తే దారికొచ్చింది. క్యాపు అడుగుదాకా దిగాలి, తుపాకీ తలకిందులు చేసినా రాలకూడదు. నొక్కేది వేలితో కాదు, కర్రపుల్లతో. కొత్త నిపుల్ కొనేవాళ్లు మర (థ్రెడ్) చూసుకోవాలి: పావు అంగుళానిది, 6 మిల్లీమీటర్లది చూపుకు ఒకటే, బలవంతంగా తిప్పితే గొట్టం మరే పోతుంది.

క్యాపు టప్పుమని పేలి మందు అంటుకోకపోతే అది వేరే జబ్బు. 2024 ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసేముందు ఈ తుపాకీకి నూనె దండిగా పట్టింది. మూతి పైకి పెట్టి నెలల తరబడి నిలబెడితే ఆ నూనంతా అడుగుకు జారి, నిపుల్ కింద నిప్పు పోయే సందులో కూర్చుంది. తిరిగొచ్చాక వరసగా మూడు క్యాపులు పేలినాయి, మందు కదల్లేదు. అలాంటప్పుడు మూతి ఖాళీ చేను వైపే ఉంచి రెండు నిమిషాలు ఆగాలి, ఆలస్యంగా అంటుకునే మందు కూడా ఉంటుంది. తొంగి చూడటం, ఊదటం అస్సలు వద్దు. తర్వాత నిపుల్ విప్పి, సందులోకి నాలుగు పలుకుల మందు రాల్చి, మళ్లీ బిగించి కొత్త క్యాపు పెడితే పేలింది. ఖాళీ అయ్యాకే ఇత్తడి తీగ, దాని వెనక కోడి ఈక దూర్చి చూస్తే నల్లటి జిడ్డు వచ్చింది.

అప్పట్నుంచి దాచేది మూతి కిందికి పెట్టే. మందు పోసేముందు ఖాళీ తుపాకీ మూతి ఎండుటాకు దగ్గర పెట్టి రెండు క్యాపులు కాలిస్తే, ఆకు ఎగిరితే దారి తెరిచి ఉన్నట్టు. ఎగరకపోతే మందు పోయొద్దు.

క్యాపు తుపాకీకి వాన లెక్కలేదని మొదట్లో ఊరంతా చెప్పుకున్న గొప్పకు కొంచెం కోత పెట్టాలి. కార్తీకం ముసురులో క్యాపు అంచు చుట్టూ తేనెమైనం రాస్తే నిలబడుతుంది గానీ, కాల్చిన మసిని అదే రోజు వేడినీళ్లతో కడక్కపోతే తెల్లారేసరికి చెమ్మ పీల్చుకుంటుంది. కడిగాక సందులో నీళ్లు మిగిలితే మళ్లీ మొదటికే.

పందిని బెదరగొట్టేదానికి అరక్షణం ఆలస్యమైనా పర్వాలేదు కాబట్టి నాకు సరిపోయింది. కావలి పక్క ఉప్పుగాలి తగిలే ఊళ్లలో అయితే, వారానికోసారి నిపుల్ విప్పే ఓపిక ఉంటేనే.