పెయిడ్ ట్రేడింగ్ కోర్సులు: కట్టిన ఫీజుకు ఏం దొరుకుతుంది?

ట్రేడింగ్ కోర్సుకి డబ్బు కట్టొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంకా సొంతంగా ఒక్క ట్రేడ్ కూడా వేయనివాళ్లు కట్టొద్దు. కొన్నాళ్లుగా చిన్న మొత్తంతో ట్రేడ్ చేస్తూ, ప్రతి ట్రేడూ రాసిపెట్టుకుంటూ, ఎక్కడ తేడా కొడుతోందో అంతుపట్టక తల పట్టుకున్నవాళ్లు మాత్రం ఆలోచించొచ్చు, అదీ నేర్పేవాళ్లు మీ ట్రేడ్‌లు తెరిచి చూస్తామంటేనే. నేను డబ్బు కట్టి ఒక కోర్సు పూర్తి చేశాను, ఫ్రెండ్స్ చేరిన మరికొన్నిటి పాఠాలు వాళ్లతో కూర్చుని చూశాను. పేర్లు చెప్పను, పేరు మారినా లోపల సరుకు దాదాపు ఒకటే కాబట్టి ఆ సరుకు గురించే మాట్లాడతాను.

సిలబస్‌లో సగానికి పైగా చార్టు చదివే పనిముట్లే: క్యాండిల్‌స్టిక్‌లు (కొంత సమయంలో ధర ఎలా కదిలిందో చూపే గుర్తులు), సపోర్ట్, రెసిస్టెన్స్ (ధర పడకుండా, పెరగకుండా ఆగుతుందనుకునే చోట్లు), మూవింగ్ యావరేజ్‌లు, ఆర్‌ఎస్ఐ (ధర ఎంత ఊపుగా కదులుతోందో 0 నుంచి 100 మధ్య చూపే అంకె), ఎంఏసీడీ. డోజీ అనే క్యాండిల్ ఇలా ఉంటుంది, హ్యామర్ ఇలా ఉంటుంది, ఆర్‌ఎస్ఐ 70 దాటితే ఓవర్‌బాట్ (అతిగా కొనేశారు), 30 కిందికి దిగితే ఓవర్‌సోల్డ్ (అతిగా అమ్మేశారు). చెప్పడం బాగానే చెప్పారు, ఓపిక కూడా ఉంది, అందులో వంక పెట్టను. కానీ ఆర్‌ఎస్ఐని వెల్స్ వైల్డర్ 1978లోనే ఫార్ములాతో సహా బయటపెట్టేశాడు, ఇవాళ అది లేని చార్టింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. మీరు చూస్తున్న ఆ 70 గీతనే అవతలి వైపు ఆర్డర్ పెట్టినవాడూ చూస్తున్నాడు, వాడి వెనక కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటే మీకంటే ముందే చూస్తోంది కూడా. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేరు లేదా ఇండెక్స్ ధర మీద చేసుకునే ఒప్పందాల్లో) అయితే ఒకరికి వచ్చే లాభం ఇంకొకరి జేబులోంచే రావాలి, పైగా ఇద్దరూ బ్రోకరేజీ, పన్నులు కట్టాలి. మరి అందరి చేతిలో ఉన్న పనిముట్టుతో మీ ఒక్కరికే లాభం ఎందుకొస్తుంది? ఈ ప్రశ్నకి నేను చూసిన ఏ కోర్సులోనూ సూటి జవాబు లేదు. ఆ పాఠాలు మాత్రం ఎక్స్ఛేంజ్‌ల సైట్లలో, బ్రోకర్ల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, కొన్ని పెయిడ్ కోర్సుల కంటే శుభ్రంగా రాసి ఉంటాయి.

ఇంకో విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా నమ్మేది ఇక్కడే. ట్రైనర్ స్క్రీన్ మీద పాత చార్టు తెరుస్తాడు. ధర మూడుసార్లు కిందికొచ్చి లేచిన చోట మూడు పాయింట్లు కలిపి ఒక గీత గీస్తాడు. ఇదిగో ఇక్కడ ఎంట్రీ, దీని కింద స్టాప్‌లాస్ (ధర అక్కడిదాకా పడితే నష్టానికి అమ్మి బయటపడే చోటు), అక్కడ టార్గెట్ (లాభానికి అమ్మే చోటు), చూశారా ఎంత క్లియర్‌గా ఉందో అంటాడు. నిజంగానే క్లియర్‌గా కనిపిస్తుంది, జరిగిపోయింది కాబట్టి. అదే చార్టులో కొంచెం ఎడమకి జరిపితే అలాంటి గీతే గీయగలిగిన చోట్లు ఇంకా ఉంటాయి, అక్కడ ధర ఆగకుండా కిందికి జారిపోయి ఉంటుంది, వాటి జోలికి ఎవరూ వెళ్లరు. చార్టు కుడి సగం మూసేసి ఒక్కో క్యాండిల్ తెరుస్తూ ఇదే సెటప్ వరుసగా చూపించమని మా క్లాసులో అడిగాను. అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో వస్తుందన్నారు. ఆ మాడ్యూల్‌కి వేరే ఫీజు. నా దృష్టిలో మొదటి రోజు చేయించాల్సిన పని అదే. ఒక పద్ధతి మీద నమ్మకం పెట్టుకోవాలంటే అది పనిచేసిన చోట్లతో పాటు చెడిపోయిన చోట్లు కూడా లెక్కలో ఉండాలి కదా, అది లేకుండా మిగతాదంతా చూడముచ్చటగా ఉండే బొమ్మలు.

బాగున్నదీ చెప్పాలి. నేను చేసిన కోర్సులో పొజిషన్ సైజింగ్ (ఒక్కో ట్రేడ్‌లో ఎంత కొనాలన్న లెక్క) మీద ఒక క్లాసు ఉంది, అది మాత్రం నిజంగా విలువైనది. లెక్క చాలా చిన్నది. క్యాపిటల్ 1,00,000 అనుకుందాం, ఒక్క ట్రేడ్‌లో 1 శాతానికి మించి పోకూడదని నియమం పెట్టుకుంటే రిస్క్ 1,000. 500 దగ్గర కొని 490 దగ్గర స్టాప్‌లాస్ పెడితే ఒక్కో షేరుకి రిస్క్ 10, కాబట్టి కొనాల్సింది 100 షేర్లు. ఎన్ని కొనాలన్నది ఉన్న డబ్బంతటికీ ఎన్ని వస్తాయి, ఎంత నమ్మకం ఉంది అన్నదాన్ని బట్టి కాకుండా స్టాప్‌లాస్ ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇక పదిలో నాలుగే నెగ్గినా, నెగ్గినప్పుడు 2,000, ఓడినప్పుడు 1,000 అయితే 8,000 వచ్చి 6,000 పోతుంది, ఖర్చులు తీయకముందు 2,000 మిగులుతుంది. అంటే ఎక్కువసార్లు తప్పినా లాభంలో ఉండొచ్చు. ఇది తెలియకే చాలామంది 90 శాతం యాక్యురసీ అని చెప్పే స్ట్రాటజీల వెంట పడతారు.

అదే లెక్కని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే అసలు సంగతి బయటపడుతుంది, దురదృష్టవశాత్తు ఆ క్లాసు అక్కడిదాకా వెళ్లలేదు. పదిలో ఆరు ఓడే పద్ధతిలో ఏ ఐదు ట్రేడ్‌లు తీసుకున్నా ఐదూ వరుసగా ఓడే అవకాశం దాదాపు 8 శాతం. వంద ట్రేడ్‌లు వేస్తే ఎక్కడో ఒకచోట అలాంటి వరుస తగలడం ఇంచుమించు ఖాయం. ట్రేడ్‌కి 1 శాతం రిస్క్ పెట్టినవాడు అప్పుడు 5 శాతం దాకా పోగొట్టుకుని మామూలుగా కొనసాగుతాడు. 10 శాతం పెట్టినవాడి అకౌంట్‌లో 41 శాతం పోతుంది, మళ్లీ మొదటికి రావాలంటే మిగిలినదాని మీద దాదాపు 70 శాతం సంపాదించాలి. ఆ టెన్షన్‌లో ఎవడూ పద్ధతి ప్రకారం ఉండడు, రెట్టింపు పెట్టి ఒక్కదెబ్బకి రాబట్టుకోవాలని చూస్తాడు. కోర్సులన్నీ "సైకాలజీ" అని ఒక మాడ్యూల్ పెట్టి డిసిప్లిన్, ఓపిక, భయం, ఆశ అని మాట్లాడతాయి. అందులో చాలా భాగం ఈ లెక్క కుదరకపోవడం వల్ల పుట్టేదే.

ట్రేడింగ్ నేర్పితే వచ్చేది కాదని నేను అనడం లేదు. 1983 చివర్లో చికాగోలో రిచర్డ్ డెన్నిస్, విలియం ఎక్‌హార్ట్ అనే ఇద్దరు ట్రేడర్లకి సరిగ్గా ఈ విషయం మీదే వాదన వచ్చింది. నేర్పొచ్చని డెన్నిస్, కుదరదని ఎక్‌హార్ట్. పేపర్లలో ప్రకటన ఇచ్చి, కొద్దిమందిని ఎంచుకుని, రెండు వారాలు నేర్పారు. టర్టిల్స్ అని పేరుపడ్డ ఆ గుంపులో చాలామంది బాగా సంపాదించారు. నేర్పింది ఏమిటంటే 20 రోజుల గరిష్ఠ ధర దాటితే కొను లాంటి సాదా నియమాలు, ఎంత కొనాలో చెప్పే లెక్క, ఒక్క యూనిట్ (ఒకసారి కొనే మొత్తం) మీద నష్టం అకౌంట్‌లో 2 శాతానికి చేరితే తెంచేసుకోవడం. ఆ నియమాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతాయి. ట్రేడింగ్ నేర్పొచ్చు అనడానికి కోర్సులు అమ్మేవాళ్లు ఈ కథనే చెబుతుంటారు గానీ, అందులో డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూడండి. శిష్యులు ఫీజు కట్టలేదు. గురువే తన డబ్బు వాళ్ల చేతికిచ్చి ట్రేడ్ చేయించాడు, వాళ్లు ఓడితే పోయేది ఆయనదే. రోజూ వాళ్ల ట్రేడ్‌ల మీద కన్నేసి ఉంచడానికి ఆయనకి కారణం ఉంది. కోర్సు అమ్మేవాడికి మాత్రం, ఫీజు ఇచ్చి వెళ్లిపోయినవాడు ఆ తర్వాత గెలిచాడా ఓడాడా అన్నది పట్టాల్సిన అవసరమే లేదు. అదే డెన్నిస్ ఆ తర్వాత నడిపిన ఫండ్లు భారీగా నష్టపోయి 1988లో మూతపడ్డాయి, ఆ సంగతి ఈ కథ చెప్పేవాళ్లు ఎందుకో చెప్పరు.

కోర్సు అమ్మే పేజీలో కనపడనిది ఇంకోటి, అసలు ఎంతమంది నెగ్గుతున్నారన్నది. బ్రెజిల్‌లో 2013-15 మధ్య ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ (ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మేయడం) మొదలుపెట్టిన ప్రతి ఒక్కరి లెక్కా తీసి పరిశోధకులు చూశారు. 300 రోజులకు పైగా ట్రేడ్ చేసినవాళ్లలో 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు 1.1 శాతం. వీళ్లు నాలుగు రోజులు చేసి వదిలేసినవాళ్లు కారు, పట్టుబట్టి కొనసాగినవాళ్లు. తైవాన్‌లో డే ట్రేడర్ల మీద చేసిన పరిశోధనలోనూ ఖర్చులు పోను నిలకడగా సంపాదించగలిగేవాళ్లు 1 శాతం కన్నా తక్కువని తేలింది. భారత్‌లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్కలో, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. ఇవి చదివి ట్రేడింగ్ మానేయాలా అంటే అది మీ ఇష్టం, కానీ నేర్పుతానని డబ్బు తీసుకునేవాడు మొదటి క్లాసులో ఈ అంకెలు చెప్పి తీరాలి. చెప్పనివాడి దగ్గర చేరొద్దు, ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు.

సక్సెస్ స్టోరీలు, ప్రాఫిట్ స్క్రీన్‌షాట్లు చూసి మెత్తబడేవాళ్లకి ఒక చిన్న లెక్క. వెయ్యి మంది శిష్యులున్నారు, ఎవరికీ ఏమీ రాదు, నాణెం ఎగరేసి ట్రేడ్ చేస్తున్నారు అనుకోండి. నెలనెలా సగం మంది లాభంలో ఉన్నా, వరుసగా ఐదు నెలలు లాభం చూసినవాళ్లు ముప్ఫై మంది తేలతారు. ముప్ఫై మంది కెమెరా ముందుకొచ్చి మా సార్ వల్లే అని చెబితే వెబ్‌సైట్ నిండిపోతుంది. వాళ్లు అబద్ధం చెప్పక్కర్లేదు, నిజంగానే అలా నమ్మొచ్చు. మిగతా 970 మంది సంగతి ఎవరూ అడగరు. కొన్నిచోట్ల వాళ్లని మాట్లాడనివ్వరు కూడా. 2020లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కించిన ఒక పెద్ద శిక్షణ సంస్థ, 50,000 డాలర్ల దాకా ఫీజులు తీసుకుని, రీఫండ్ అడిగినవాళ్ల చేత చెడుగా రాయబోమని, అధికారులకి ఫిర్యాదు చేయబోమని సంతకాలు పెట్టించుకుందన్నది ఆ కేసులో ఒక ఆరోపణ. అందుకే రివ్యూలు అన్నీ ఐదు నక్షత్రాలే కనపడితే నేను ఇంకాస్త జాగ్రత్తపడతాను.

బ్రోకర్ లింకుల సంగతి కూడా చూసుకోండి. ఈ లింకుతోనే అకౌంట్ తెరవండి, కోర్సులో డిస్కౌంట్ అంటే, చాలా సందర్భాల్లో మీరు వేసే ప్రతి ట్రేడ్ బ్రోకరేజీలో ఆయనకి వాటా ఉంటుంది. అలాంటాయన ట్రేడ్‌లు తగ్గించు అని మీకు చెప్పడం కష్టం, చాలామంది కొత్తవాళ్లకి కావాల్సిన సలహా మాత్రం అదే.

ఫీజు ఎంతైతే సబబు అని అడుగుతారు. అంకె కంటే మీ క్యాపిటల్‌లో అది ఎంత శాతమో చూడండి. చేతిలో 100 ఉండి ఫీజు 30 అయితే, మొదటి ట్రేడ్ వేయకముందే 70తో మొదలవుతున్నారు, తిరిగి 100కి రావడానికే 43 శాతం సంపాదించాలి. అప్పు చేసి కట్టేవాళ్ల గురించి వింటే బాధేస్తుంది, కోర్సుకి ఈఎంఐ పెట్టించే చోటికి అసలు వెళ్లకండి. క్యాపిటల్‌లో రెండు మూడు శాతానికి మించితే నేనైతే ఆగుతాను. ఆ లెక్కన చిన్న క్యాపిటల్ ఉన్నవాళ్లకి దాదాపు ఏ కోర్సూ గిట్టదు, ఉచితంగా దొరికేది చదువుకుని అతి చిన్న సైజులో ట్రేడ్ చేసుకోవడమే మేలు.

అయినా చేరాలనుకుంటే, అడగాల్సింది స్క్రీన్‌షాట్ కాదు. రెండు మూడేళ్ల బ్రోకర్ స్టేట్‌మెంట్ లేదా పన్ను రిటర్న్ చూపిస్తారా అని అడగండి, సలహాలు కూడా ఇస్తుంటే మీ దేశపు నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో వాళ్ల సైట్‌లో మీరే వెతకండి. రీఫండ్ షరతులు డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఈ ఆఫర్ ఇవాళ రాత్రితో అయిపోతుంది అని టైమర్ తిరుగుతుంటే వదిలేయండి, మార్కెట్ రేపు కూడా ఉంటుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం, మీరు ఇప్పటిదాకా వేసిన ట్రేడ్‌ల జాబితా పంపితే ఒక్కో ట్రేడ్ మీద మాట్లాడతారా, వారానికి ఎంతసేపు, ఒక బ్యాచ్‌లో ఎంతమంది? ఎంట్రీ ఆలస్యమవుతోందా, స్టాప్‌లాస్ వెనక్కి జరుపుతున్నారా, లాభాన్ని తొందరపడి కోసేస్తున్నారా అన్నది మీ జర్నల్‌లో ఉంటుంది, ఏ రికార్డెడ్ వీడియోలోనూ ఉండదు. దీనికి అవునన్న చోట ఫీజు కొంచెం ఎక్కువైనా తప్పుపట్టను. స్ట్రాటజీని కోడ్‌గా రాసి పాత డేటా మీద పరీక్షించడం నేర్పే కోర్సులు కూడా నా లెక్కలో ఇదే కోవ, అక్కడ నేర్చుకున్నది ట్రేడింగ్ వదిలేసినా పనికొస్తుంది.

నేను చేసిన కోర్సువాళ్లు ఇప్పుడు అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరమని ఫోన్ చేస్తున్నారు. నా జర్నల్ చూస్తారా అని అడిగాను. అది మెంటార్‌షిప్ ప్యాకేజీలో ఉంటుందన్నారు. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో చెప్పమంటే మళ్లీ చేస్తామన్నారు, ఆ జవాబు వచ్చేదాకా నేనైతే కట్టడం లేదు.