పెద్ద డిస్కా, గట్టి కంప్రెషనా: గేమ్ తయారీకి ఏది మేలు?

డిస్క్‌లో ఎంత చోటుంటే గేమ్ అంత బాగా వస్తుందని ఒకప్పుడు నేనూ గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు అడిగితే మాత్రం కంప్రెషన్‌కే, అంటే డేటాని కుదించి చిన్నది చేయడానికే ఓటేస్తాను, కాకపోతే ఒక షరతు మీద.

ముందు చోటు సంగతి. మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 వాడిన రెండు లేయర్ల (డేటా రాసే పొరల) డీవీడీలో పట్టేది 8.5 జీబీ, అందులోనూ గేమ్‌కి దక్కేది ఇంకా తక్కువ. అదే తరం సోనీ కన్సోల్ పీఎస్3 (ప్లేస్టేషన్ 3) వాడిన బ్లూరే డిస్క్‌లో 50 జీబీ దాకా పడుతుంది. ఫైనల్ ఫాంటసీ 13 పీఎస్3లో ఒక్క డిస్క్‌లో సరిపోయింది, 360లో మూడు డీవీడీలైంది, పైగా వీడియోల నాణ్యత కూడా తగ్గింది. మూడు డిస్కులంటే మూడింతల చోటు అనుకోకండి, ఇంజిన్ (గేమ్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్), ముఖ్య పాత్రలు, ఎక్కడపడితే అక్కడ వినిపించే సంగీతం ప్రతి డిస్క్‌లోనూ మళ్లీ పెట్టాల్సిందే. కథ వరుసగా సాగే గేమ్‌ని ఎక్కడో ఒకచోట తెంచొచ్చు గానీ ఆటగాడు ఎప్పుడైనా ఎక్కడికైనా తిరగగలిగే ఓపెన్ వరల్డ్‌ని ఎక్కడ తెంచుతారు? అందుకే అలాంటి ఓపెన్ వరల్డ్ గేమ్ జీటీఏ 5, 360లో రెండు డిస్కులతో వచ్చింది, ఒకటి హార్డ్ డిస్క్‌లోకి ఇన్‌స్టాల్ చేయడానికి, రెండోది ఆడడానికి.

ఇక్కడివరకు చూస్తే బ్లూరేదే గెలుపు. కానీ పీఎస్3 డ్రైవ్ చదివే వేగం సెకనుకు సుమారు 9 ఎంబీ, 360 డీవీడీ డ్రైవ్ డిస్క్ బయటి అంచు దగ్గర దాదాపు 16 ఎంబీ దాకా పోయేది. గోదాం పెద్దదే, తలుపే ఇరుకు. డెవిల్ మే క్రై 4 లాంటివి పీఎస్3లో ఆట మొదలవ్వకముందే దాదాపు 5 జీబీ ఇన్‌స్టాల్ చేయించుకున్నాయి.

డేటాని కుదిస్తే చోటుతో పాటు ఈ తలుపు బాధ కూడా తగ్గుతుంది, ఎందుకంటే డిస్క్ మీంచి చదవాల్సిందే తక్కువ. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 1999లో నింటెండో 64కి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2. పీఎస్1లో రెండు సీడీల గేమ్‌ని, వీడియోలతో సహా, 64 ఎంబీ కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించారు! వీడియోలు మసకబారాయి, నిజమే, అయినా ఆ టీమ్ పనితనానికి ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే కుదించినదాన్ని ఆట నడుస్తుండగానే విప్పాలి, ఆ పని ప్రాసెసర్ మీద పడుతుంది. 2014లో టైటాన్‌ఫాల్ పీసీ వెర్షన్ 48 జీబీ ఉంటే అందులో 35 జీబీ కంప్రెస్ చేయని ఆడియోనే. ప్రాసెసర్‌లో రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న మామూలు పీసీల్లో ఆడియో విప్పడానికే ఒక కోర్‌లో పెద్ద భాగం పోతుందని, కావాలనే అలా వదిలేశారు. అంత చోటు తిన్నందుకు తిట్టుకున్నవాళ్లున్నారు గానీ, ఆ పరిస్థితిలో అది సరైన నిర్ణయమే అంటాను.

చోటు ఎక్కువుంటే ఇంకో అలవాటు కూడా వస్తుంది. తిరిగే డిస్క్ మీద డేటా చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తకుండా ఒకే డేటాని చాలాచోట్ల కాపీ చేసి పెడతారు. మార్వెల్స్ స్పైడర్-మ్యాన్‌లో పోస్టు డబ్బాల్లాంటి వస్తువుల డేటా హార్డ్ డిస్క్ మీద 400 సార్లు ఉందని పీఎస్5 గురించి చెబుతూ దాని ప్రధాన రూపకర్త మార్క్ సెర్నీయే చెప్పాడు. కొన్న చోటంతా ఇలా ఖర్చవుతుందన్నమాట.

నా షరతు ఇప్పుడు చెప్తాను: విప్పే పనికి విడిగా హార్డ్‌వేర్ ఉండాలి. పీఎస్5లో క్రాకెన్ అనే కంప్రెషన్ ఫార్మాట్‌కి అలాంటి యూనిట్ ఉంది, సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన స్టోరేజ్) నుంచి మామూలుగా 8, 9 జీబీల డేటా అందుతుంది, ప్రాసెసర్‌కి బరువు లేకుండా. అది లేని మెషీన్ల కోసం చేస్తుంటే టెక్స్చర్లని (వస్తువుల పైపూతగా వేసే బొమ్మల్ని) గ్రాఫిక్స్ చిప్ నేరుగా చదవగలిగే ఫార్మాట్లో కుదించండి, వీడియోలు ఎలాగూ కుదించే ఉంటాయి కాబట్టి వాటి మీద ఇంకో కంప్రెషన్ దండగ, ఇక వేర్వేరు భాషల డబ్బింగ్ మొత్తం అందరిచేతా మోయించకుండా ఎవరికి కావాల్సిన భాష వాళ్లు దించుకునేలా విడదీయండి.