పర్లాకిమిడి సంత చట్టి, స్టూడియో గిన్నె: ఏళ్ల తరబడి వాడాక

మా వంటింట్లో రెండు రకాల మట్టిపాత్రలు చాలా ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఒడిశాలోని పర్లాకిమిడి సంతలో కుమ్మరి దగ్గర కొన్న ఎర్రమట్టి చట్టి, రెండోది ఒక స్టూడియో నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడేలా కాల్చిన మట్టి) గిన్నెల సెట్టు. పొయ్యి మీదికి మాత్రం చట్టే. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

చట్టి అడుగు చూడండి. కుమ్మరి సారె మీద తీసి కాస్త ఆరనిచ్చాక, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ అడుగును గుండ్రంగా, పల్చగా సాగదీస్తారు. వేళ్లతో తడిమితే ఆ చెక్క దెబ్బల జాడలు ఇప్పటికీ తెలుస్తాయి. అడుగున మూలలు ఉండవు కాబట్టి వేడి సమంగా పాకుతుంది. మట్టిలో ఇసుక, సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి మంటకు తట్టుకుంటుంది. గ్యాస్ మీద సన్నసెగతో మొదలుపెడితే చాలు. చేపల పులుసు దించాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఇక మర్నాడు ఆ పులుసు రుచి చెప్పక్కర్లేదు!

కొత్త చట్టిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి పోసి మరిగించాలి. గంజి రంధ్రాల్లోకి దిగి కారడం తగ్గిస్తుంది. సబ్బు మాత్రం వద్దు, మట్టి పీల్చేస్తుంది. సెనగపిండి, కొబ్బరిపీచు సరిపోతాయి. పీల్చే గుణమే దీని లోపం కూడా. చేపలు వండినదాంట్లో పాలు కాచలేం. పూరీ జగన్నాథుడి వంటశాలలో ఒకసారి వండిన కుండ మళ్లీ పొయ్యెక్కదు. ఇంట్లో అలా కుదరదు కనుక మేం నీసుకొకటి, పప్పుకొకటి విడిగా పెట్టుకున్నాం. వేసవిలో పక్కింటి వదినగారి పఖాళైనా (ఒడియావాళ్ల చద్దన్నం), మా చద్దన్నమైనా మట్టికుండలోనే. కుండ గోడల్లోంచి నీరు ఊరి ఆవిరైపోతూ లోపలిది చల్లబరుస్తుంది.

స్టోన్‌వేర్ దాదాపు 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుతుంది. కట్టెలు, పిడకలు పేర్చే కుమ్మరి ఆవంలో అంత వేడి రాదు. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మన వైపు ఈ స్టోన్‌వేర్ పనికి ఎందరినో తయారుచేసింది. మా గిన్నెల అంచు దగ్గర బూడిదరంగు పూత పల్చబడి, లోపలి మట్టి గోధుమరంగు కనిపిస్తుంది. ఆ గీత అంటే నాకు ప్రాణం. పెరుగు, ఊరగాయ, నిమ్మకాయ పులిహోర దేనికైనా వాసన పట్టదు. అయితే బరువెక్కువ. ఒక్క గిన్నె ధరకు సంతలో చాలా చట్లు వస్తాయి. గిన్నెను నేరుగా మంట మీద పెడితే పగులుతుంది.

ఈ రెండూ కాక, ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో కొన్న మెరుపు పూత మట్టి కడాయి ఉండేది. “అన్నింటికీ వాడొచ్చమ్మా” అని అమ్మారు. చింతపండు పులుసు పెడుతుంటే కొన్నాళ్లకే పూత మసకబారి, అంచున పొలుసులు లేచింది. తక్కువ వేడికే కరగాలని కొన్ని పూతల్లో సీసం కలుపుతారు, పులుపు తగిలితే అది కూరలోకి దిగుతుంది. అందుకే పూతలో సీసం లేదని రాసివ్వని మెరుపు పాత్రను వంటకు కొనకండి. మా కడాయిలో ఇప్పుడు పుదీనా పెరుగుతోంది.

చట్టి కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. వానాకాలంలో పచ్చికుండలు ఆరవు, కొత్త సరుకు తక్కువ వస్తుంది. అందుకని మేం ఎండాకాలంలోనే ఒకటి అదనంగా కొని అటక మీద పెడతాం.