పాత ఫ్రాక్చర్ నొప్పి: ముందు ఎమ్మారైయా, ఫిజియోథెరపీయా?

పొద్దున్నే బీచ్ రోడ్డులో నేను కొంచెం కుంటుతూ నడవడం చూసిన వాకింగ్ మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: "ఏటండీ, ఇంకా తగ్గలేదా? ఎమ్మారై తీయించారా?" తీయించలేదు. ఎందుకని అడిగిన ప్రతివారికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, కాలు విరిగినవాణ్ణి.

2022 వానాకాలంలో స్కూటీ జారి చీలమండ బయటివైపు ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. "ఎముక చక్కగా అతికింది, ఇక నొప్పి ఉండకూడదు" అన్నారు. కానీ ఉంది. మెట్లెక్కేటప్పుడు అంతగా తెలియదు, దిగేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఎక్స్‌రే మాత్రం ఎప్పుడు తీసినా నార్మలే. నొప్పికి పేరు లేకపోతే ఇంట్లోవాళ్లు కూడా "అంతా నీ టెన్షన్" అనేస్తారు.

ఎమ్మారై కావాలనేవాళ్ల వాదనలో బలం ఉంది. ఎముక విరిగిన రోజే కీలు లోపల టాలస్ ఎముక (మడమకు పైన, కాలి ఎముకల కింద ఉండేది) మీది నున్నటి పొర దెబ్బతిని ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో అది తప్పిపోవడం కొత్తేమీ కాదు. ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్లయితే ఎక్స్‌రేలో అసలు కనబడవు. ఎమ్మారైలో ఇవన్నీ తెలుస్తాయి. కానీ ఎముకకు ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లకు ఎమ్మారైలో లోహం చుట్టూ బొమ్మ చెదురుతుంది. ఎముక అతికిందా లేదా అన్నదే అనుమానమైతే సీటీ స్కాన్ మేలు.

నన్ను ఆపింది ఖర్చు ఒక్కటే కాదు. ఒకసారి దెబ్బతిన్న కాలిని స్కాన్ చేస్తే రిపోర్టులో ఏదో ఒక లోపం ఉండనే ఉంటుంది. ఇప్పటి నొప్పి దానివల్లేనా అన్నది ఆ కాగితం చెప్పదు.

నా లెక్కలో అసలు తేల్చేది చీలమండ ఎంత వంగుతోందన్నది. దీనికి గోడ, స్కేలు చాలు. చెప్పులు లేకుండా గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేలమీద నుంచి లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకినకొద్దీ పాదం వెనక్కి జరపాలి. ఇక తాకదు అన్నచోట ఆగి, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. రెండు కాళ్లకూ చూడాలి. నాకు మంచి కాలికి 11 సెంటీమీటర్లు, విరిగిన కాలికి 5 వచ్చింది. మెట్లు దిగేటప్పుడే నొప్పి ఎందుకో అప్పుడు అర్థమైంది. దిగేటప్పుడు పైమెట్టు మీదున్న కాలే బాగా వంగాలి, నాది వంగడం లేదు. గొంతుక్కూర్చుంటే మడమ లేచిపోయేదీ అందుకే.

ఇంకొకటి కూడా గమనించాలి. వంగినప్పుడు పట్టేది వెనక పిక్కలోనా, ముందువైపు కీలు మడతలోనా? పిక్క లాగుతుంటే సాగదీసే కొద్దీ వదులవుతుంది, ఫిజియోకు లొంగే బాపతు. ముందు నొక్కుకున్నట్టుంటే అక్కడ ఎముక మొలకో, పాత గాయపు కండో అడ్డుపడుతూ ఉండొచ్చు. దాన్ని బలవంతంగా వంచితే నొప్పి పెరుగుతుంది.

నాది పిక్క లాగుడు, అందుకే ఫిజియోకు వెళ్లాను. అంతకుముందు ఒక పని చేశాను: నిలబడి తీసే ఎక్స్‌రే అడిగి మరీ తీయించుకున్నాను. పడుకోబెట్టి తీసినదానిలో కీలు సందు అరిగినా సరిగా తెలియకపోవచ్చు. మోకాలి అరుగుదలలా కాదు, చీలమండ అరుగుదల ఎక్కువగా పాత దెబ్బల వల్లే వస్తుంది, కాబట్టి ఇది చూడాల్సిందే.

మూడు నెలలు పిక్క సాగదీయడం, ఒంటికాలి మీద నిలబడటం, మడమలెత్తి దించడం. మొదటి నెల దండగనిపించింది. ఇప్పుడు కొలత 9. కైలాసగిరి మెట్లు దిగితే ఇప్పటికీ తెలుస్తుంది కానీ మధ్యలో ఆగక్కర్లేదు.

అందరికీ ఇదే వరస అనను. రెండు కాళ్లూ సమానంగా వంగుతున్నా లోపల లోతుగా నొప్పి ఉంటే, కీలు మధ్యలో పట్టేస్తుంటే, కాలు ఉన్నట్టుండి మడతపడుతుంటే, రాత్రి నొప్పికి మెలకువ వస్తుంటే ఫిజియో పేరుతో నెలలు గడపొద్దు. ఎముకల డాక్టరుకు చూపించి స్కాన్ మాట ముందు తేల్చుకోండి. వాపుతో పాటు ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి.

మిగతావాటి సంగతి రెండు ముక్కల్లో. చీలమండకు వేసుకునే బెల్టు దూరం నడిచే రోజున పనికొస్తుంది, రోజంతా కాదు. నూనె మర్దన హాయిగా ఉంటుంది, అంతే. పుత్తూరు కట్టుకు వెళ్లమన్నవాళ్లూ ఉన్నారు, కానీ అతికేసిన ఎముకకు మళ్లీ కట్టెందుకు? నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు పాడవొచ్చు.

ఈ ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడుస్తానని పంతం పట్టాను. తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి హనుమంతవాక దాకా వెళ్లి ఆటో ఎక్కాను. నిరుడు అడవివరం దాటలేదు.