సెకండ్ హ్యాండ్ మీటరు బిగించాక నా కారు వేరే కారైపోయింది: కొనేవాళ్లకు హెచ్చరిక

పార్ట్ నంబరు కలిస్తే చాలు, బిగించగానే పనిచేస్తుంది, కోడింగ్ (భాగాన్ని మన కారుకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌లో అమర్చడం) అక్కర్లేదు అంటూ కారు మీటర్లు, టచ్ స్క్రీన్లు, బాడీ మాడ్యూళ్లు (లైట్లు, తాళాల వంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్లు) అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో కోకొల్లలు. వాళ్ల దగ్గర కొనే ముందు, ముఖ్యంగా మీ పాత భాగాన్ని వాళ్ల చేతిలో పెట్టే ముందు ఇది చదవండి.

నా కారు మీటరు డిస్‌ప్లే సగానికి పైగా కనిపించకుండా పోయింది. అదే మోడల్, అదే పార్ట్ నంబరు ఉన్న వాడిన మీటరు ఒకటి దొరికింది. పాతది ఎక్స్ఛేంజ్ కింద ఇస్తే ధర తగ్గుతుందన్నారు, తీసుకున్నారు. వాళ్లు చెప్పిన వర్క్‌షాప్‌లోనే బిగింపు. ముళ్లన్నీ కదిలాయి, లైట్లన్నీ వెలిగాయి. కాసేపటికి కాన్ఫిగరేషన్ సరిపోలడం లేదని డిస్‌ప్లే మీద సందేశం వచ్చింది. అక్కడి టెక్నీషియన్ స్కానర్ తగిలించి, సింక్ అన్న మెనూ తెరిచి, ఒక బటన్ నొక్కాడు. సందేశం మాయమైంది. ఫాల్ట్ కోడ్‌లు (లోపాన్ని సూచిస్తూ కారు నమోదు చేసే సంకేతాలు) ఏమీ లేవని తెర చూపించి బిల్లు ఇచ్చారు. బిల్లులో ఉన్నది ఒకే మాట: కోడింగ్.

ఆ తర్వాత మొదలైంది అసలు తంతు. క్రూయిజ్ కంట్రోల్ మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వెనక పార్కింగ్ సెన్సర్లు మూగబోయాయి. ఏ గేరులో ఉన్నానో మీటరులో కనిపించదు, నాది ఆటోమేటిక్. పైగా టైర్లలో గాలి ఒత్తిడి తెలియడం లేదని హెచ్చరిక లైటు మిణుకుమిణుకుమంటోంది. నా కారు చక్రాల్లో ఆ సెన్సర్లు ఏనాడూ లేవు. వర్క్‌షాప్‌కు తీసుకెళితే మళ్లీ స్కానర్ పెట్టి ఆ ఒక్క టైర్ల కోడ్ చెరిపారు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి కొంచెం దూరం నడిపేసరికి తిరిగి వచ్చింది. మీటరు మంచిదే, కారులోనే ఏదో లోపం ఉందని తేల్చేశారు.

కారణం కనిపెట్టింది వేరే ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన కోడ్‌ల జోలికే పోలేదు. బాడీ మాడ్యూల్‌లో దాచి ఉన్న ఛాసిస్ నంబరు చదివాడు, మీటరులో ఉన్నది చదివాడు. పదిహేడు అక్షరాలూ రెండింటిలో ఒక్కటే. తర్వాత బయటికి వచ్చి ముందు అద్దం కింద ఉన్న పలక మీది నంబరు చూశాడు. చివరి అక్షరాలు వేరు. ఇంజిన్ మాడ్యూల్‌ను అడిగితే అది మాత్రం అసలు నంబరే చెప్పింది. అంటే ఆ మీటరు వచ్చిన కారు తాలూకు వివరాలన్నీ నా బాడీ మాడ్యూల్‌లోకి ఎక్కాయి. రెండు మాడ్యూళ్లూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవిస్తున్నాయి, రెండూ కలిసి అబద్ధం చెబుతున్నాయి. ఇక వాటి మధ్య ఫాల్ట్ కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. ఇప్పటి చాలా కార్లలో ఆ కారుకు ఏమేమి ఉన్నాయో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. ఏ ఇంజిన్, మాన్యువల్ గేర్లా ఆటోమేటిక్కా, స్టీరింగ్ ఏ వైపు, టైరు సైజు, హెడ్‌లైట్ల రకం, ఏ దేశం కోసం తయారైంది, పార్కింగ్ సెన్సర్లు ఉన్నాయా లేవా, అన్నీ అందులోనే. దాన్ని సాధారణంగా బాడీ మాడ్యూలో, మాడ్యూళ్లన్నింటినీ కలిపే గేట్‌వేనో దాచుకుంటుంది. కొన్ని కంపెనీలు రెండో ప్రతిని మరో మాడ్యూల్‌లో పెడతాయి, ఒకటి చెడిపోయినా వివరాలు పోకుండా. ల్యాండ్ రోవర్, జాగ్వార్ కార్లలో దీన్ని కార్ కాన్ఫిగరేషన్ ఫైల్ అంటారు. బీఎండబ్ల్యూలో వెహికల్ ఆర్డర్. ఫోర్డ్ వాళ్లది యాజ్ బిల్ట్ డేటా. అక్కడ పొంతన లేకపోతే యూ2101, మొదటి కాన్ఫిగరేషన్ పూర్తి కాకపోతే యూ2100 కోడ్ పడుతుంది. మెర్సిడెస్‌లో ఎస్‌సీఎన్ కోడింగ్ కంపెనీ సర్వర్‌తో ముడిపడి జరుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో కొన్ని భాగాలకు కాంపోనెంట్ ప్రొటెక్షన్ అనే తాళం కూడా ఉంటుంది, అది తెరుచుకునేదాకా వేరే కారు నుంచి తెచ్చిన స్టీరియో నోరు విప్పదు.

రెండు ప్రతులు ఉన్న కారులో ఒక భాగం మారిస్తే ఒక ప్రతి మారిపోయినట్టే. సింక్ చేయడమంటే ఒకదాన్ని రెండోదాని మీద తిరగరాయడం. ఏది దేని మీద అన్నదే అసలు ప్రశ్న. నా విషయంలో కారులోని ప్రతిని కొత్తగా వచ్చిన మీటరులోకి పంపాలి. ఆ వర్క్‌షాప్‌లో బాణం గుర్తు తిరగేసి నొక్కారు. పక్కింటివాళ్ల రేషన్ కార్డు చూసి మన ఇంట్లో మనుషుల లెక్క దిద్దినట్టు. నొక్కే ముందు ఉన్నది కాపీ చేసి పెట్టుకున్నారా అంటే అదీ లేదు. అది చేసి ఉంటే కొద్ది నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోగలిగే వ్యవహారం.

ఇంకో విషయం నాకు మరీ మంట పుట్టించింది. నా పాత మీటరు తెర మాత్రమే పోయింది, లోపలి మెమరీ బాగానే ఉండి ఉండాలి. నా కారు సొంత వివరాలు అందులో ఉన్నాయి. దాన్ని వెనక్కి ఇమ్మని అడిగితే అప్పటికే ఎవరికో పంపేశామన్నారు. ఎక్స్ఛేంజ్ తగ్గింపు ఆశ చూపేవాళ్లకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను. కొత్తది పూర్తిగా కుదిరి, కారు కొంతకాలం బాగా నడిచేదాకా పాత భాగం మీ దగ్గరే ఉంచుకోండి. తగ్గింపు పోతే పోయింది.

చివరికి ఛాసిస్ నంబరు ఆధారంగా కంపెనీ రికార్డులోని అసలు వివరాలు తెప్పించి, బాడీ మాడ్యూల్‌లో తిరిగి రాయించాల్సి వచ్చింది. అదీ పూర్తి పరిష్కారం కాదు. నేను ఇంతకుముందు అదనంగా పెట్టించుకున్న వెనక కెమెరా ఫ్యాక్టరీ రికార్డులో ఉండదు కదా, దాన్ని చేత్తో చేర్చారు. ఆ తర్వాతే బాణం సరైన వైపు: బాడీ నుంచి మీటరుకు. రాస్తున్నంతసేపూ బ్యాటరీకి స్థిరమైన పవర్ సప్లై తగిలించి ఉంచారు. రాత మధ్యలో వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ మొత్తానికే మూగబోయే ప్రమాదం ఉంది, మామూలు చార్జరును నమ్ముకునే పని కాదిది. రాయడం అయ్యాక ఇగ్నిషన్ ఆపి, తాళం వేసి, మాడ్యూళ్లన్నీ నిద్రలోకి వెళ్లేదాకా ఆగి, అప్పుడు మొత్తం స్కాన్ మళ్లీ తీశారు. నా మొదటి వర్క్‌షాప్‌లో వీటిలో ఒక్కటీ జరగలేదు.

వాడిన మాడ్యూల్ కొనాలనుకుంటే అమ్మేవారిని ఆ భాగం ఏ కారు నుంచి వచ్చిందో, ఆ కారు ఛాసిస్ నంబరేమిటో, ఏ వేరియంటో అడగండి. లేబుల్ ఫోటో తెప్పించుకోండి. పార్ట్ నంబరు ఒకటైనా సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా ఉండవచ్చు. కోడింగ్ చేశాక వెనక్కి తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. నా అమ్మకందారు సరిగ్గా ఇక్కడే చేతులెత్తేశాడు: భాగం పనిచేస్తోంది కదా, వాపసు ఎందుకు అన్నాడు. మీటరైతే కిలోమీటర్ల లెక్క సంగతి కూడా ముందే తేల్చుకోండి. అది వేరే కారు లెక్క చూపిస్తుంది, సరిచేయడానికి చట్టబద్ధమైన దారేదో కనుక్కోవాలి. చాలా దేశాల్లో ఆ అంకెలతో ఆడుకోవడం నేరం. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ మాత్రం వాడినది కొనవద్దనే నా మాట. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్‌లు పేలిన కారు నుంచి తీసినదైతే ఆ క్రాష్ డేటా అందులోనే కూర్చుని ఉంటుంది. కాన్ఫిగరేషన్ తప్పితే ఏ బ్యాగ్ ఉంది, ఏది లేదు అన్న లెక్కే తప్పుతుంది.

బిగించేవాళ్ల దగ్గర నేనైతే ఇక మీదట ఒకటే పట్టు పడతాను. ముట్టుకోకముందు మొత్తం స్కాన్ రిపోర్టు, కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైలు, పని అయ్యాక మళ్లీ స్కాన్ రిపోర్టు, అన్నింటిలోనూ ప్రతి మాడ్యూల్ చెబుతున్న ఛాసిస్ నంబరు కనిపించాలి. ఫైలు కాపీ నా ఫోనుకు పంపాలి. కుదరదంటే వేరే చోటు చూసుకుంటాను. అదనపు సౌకర్యాలు పెట్టించుకున్నవాళ్లకు ఈ ఫైలు మరో రకంగానూ పనికొస్తుంది: సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు కాన్ఫిగరేషన్ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయి, మీరు చేర్పించుకున్నవి మాయమయ్యే సందర్భాలున్నాయి. ట్రెయిలర్ కొక్కెం వైరింగ్ పెట్టించినవాళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి. ట్రెయిలర్ తగిలించిన సంగతి కారుకు తెలియకపోతే వెనక సెన్సర్లు దాన్నే అడ్డంకిగా చూసి రివర్స్ చేసినంతసేపూ కూస్తూనే ఉంటాయి.

మొదటి వర్క్‌షాప్‌కు ఈ వివరాలన్నీ చూపించి డబ్బు వెనక్కి అడిగాను. మీ కారులో ఇప్పుడు కోడ్‌లేమీ లేవు కదా అన్నారు.