1955లో అట్లాంటిక్ దాటాలంటే ఏ ఓడ: బ్రిటన్ వాళ్ల క్వీన్ మేరీనా, అమెరికా వాళ్ల యునైటెడ్ స్టేట్సా?

వేగం: యునైటెడ్ స్టేట్స్‌కు తిరుగులేదు. 1952లో తొలి ప్రయాణంలోనే 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో తూర్పుకు దాటేసింది. 1938లో క్వీన్ మేరీ పెట్టిన రికార్డుకంటే 10 గంటలు తక్కువ.

నిప్పు భయం: యునైటెడ్ స్టేట్స్ రూపకర్త గిబ్స్‌కు ఇదే పెద్ద టెన్షన్. యునైటెడ్ స్టేట్స్‌లో కలప దాదాపు లేదు, పియానోలూ మాంసం కొట్టే మొద్దులూ తప్ప. క్వీన్ మేరీలో గోడలనిండా చెక్క పలకలే. చూడ్డానికి మాత్రం అదే అందం. యునైటెడ్ స్టేట్స్ కాస్త ఆఫీసులా ఉంటుంది.

ఊపు: క్వీన్ మేరీ బాగా ఒరుగుతుంది. దాన్ని తగ్గించే స్టెబిలైజర్లు 1958లోగానీ రాలేదు.

తేదీలు: క్వీన్ ఎలిజబెత్ అనే ఇంకో ఓడతో కలిసి క్వీన్ మేరీ వారంవారం నడుస్తుంది. ప్లాన్ సులువు.

పని తొందరుంటే యునైటెడ్ స్టేట్స్. వేసవిలో, తీరిగ్గా, దర్జాగా వెళ్లాలంటే క్వీన్ మేరీ. కడుపులో తిప్పే అలవాటుంటే చలికాలంలో దాని జోలికెళ్లొద్దు.