కప్పుల నుంచి గ్రాములకు: డిజిటల్ కాటా, కప్పుల సెట్టు చాలాకాలం వాడాక

వంట గదిలో 5 కిలోల వరకు తూచే, 1 గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా, దానికి తోడు స్టీలు కప్పుల సెట్టు. ఏళ్ల తరబడి వాడాక కాటాకి పూర్తి మార్కులు వేస్తాను. కప్పుల్ని మాత్రం పరీక్షించకుండా నమ్మొద్దు.

పరీక్ష తేలికే. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, అంచు వరకు నీళ్లు పోయండి. 1 మి.లీ. నీళ్లు దాదాపు 1 గ్రాము తూగుతాయి కాబట్టి కప్పు అసలు కొలత తెలిసిపోతుంది. మెట్రిక్ కప్పు 250 మి.లీ., అమెరికా కప్పు సుమారు 237 (ప్యాకెట్ల మీద 240గా లెక్కిస్తారు), జపాన్ కప్పు 200. వంటకం ఏ కప్పుతో రాశారో చూసుకోకపోతే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు.

ఎక్కువ తేడా వచ్చేది మైదాతోనే. చెంచాతో వదులుగా నింపి, కత్తి వీపుతో చదును చేస్తే 240 మి.లీ. కప్పుకి 120 నుంచి 125 గ్రాములు. అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. మెత్తటి పిండి రేణువుల మధ్య గాలి ఉంటుంది, ఒత్తితే అది పోతుంది. కేక్ గట్టిపడటానికి చాలాసార్లు ఇదే కారణం. పంచదార పలుకులు అంతగా అణగవు, అందుకే ఎలా నింపినా 200కి దగ్గరగానే ఉంటుంది. కోకో పొడి, పంచదార పొడి ఉండలు కడతాయి, వాటిని కప్పుతో కొలవడం నాకు అసలు నచ్చదు. జల్లించి కొలవమన్నారా, కొలిచి జల్లించమన్నారా అన్నదీ చూడాలి, ఆ రెండూ ఒకటి కావు.

గ్రాముల నుంచి కప్పులకి రావాలంటే భాగించడమే. 300 గ్రాముల మైదాని 125తో భాగిస్తే 2.4. అంటే 2 కప్పులు, ఆపైన 6 టేబుల్‌స్పూన్ల కంటే కొంచెం ఎక్కువ. ఇక్కడ టేబుల్‌స్పూన్ అంటే 15 మి.లీ., ఆస్ట్రేలియా వంటకాల్లో అది 20.

ఇక కాటా లోపాలు. మి.లీ. బటన్ నీళ్లకి సరిపోయే లెక్కే చూపిస్తుంది, పిండికి అది పనికిరాదు. చిటికెడు చిటికెడుగా వేస్తుంటే కొన్ని కాటాలు ఆ పెరుగుదలని పట్టించుకోకుండా సున్నా దగ్గరే నిలబడతాయి. వేరే గిన్నెలో తూచి ఒకేసారి పోయడం మేలు. మధ్యలో దానంతటదే ఆగిపోతే టేర్ లెక్క పోతుంది, ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి. బ్యాటరీ తగ్గినప్పుడు అంకెలు నిలకడగా ఉండకపోవచ్చు.

5 గ్రాముల లోపు వాటికి ఈ కాటా చాలదు. 3 గ్రాముల ఈస్ట్‌లో 1 గ్రాము తేడా అంటే మూడో వంతు. అలాంటి వాటికి 0.1 గ్రాము చూపే చిన్న కాటా కావాలి, లేదా టీస్పూనే నయం. ఉప్పు విషయంలో మాత్రం టీస్పూన్ని కూడా నమ్మలేం. మెత్తటి ఉప్పు ఒక టీస్పూన్ సుమారు 6 గ్రాములు, రేకుల్లాంటి ఉప్పు అందులో సగమే ఉండొచ్చు. ఒక రకం బదులు ఇంకోటి వేసేటప్పుడు చెంచాలు లెక్కపెట్టకుండా తూచి వేయండి.